మొదటి బేస్ గీత

ఎవారిస్తో కొంపాద్రే,

నా కొడుకు విదాల్ జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డవాడివి కాబట్టి నిన్నింకా కొంపాద్రే అనే పిలుస్తున్నాను.

నిన్న చెరకు మిల్లు మైదానంలో బేస్‌బాల్ ఆటలో వాడు బంతి కొట్టి, నేను గీసిన సున్నపు గీతకి లోపల గడ్డి మీద పరిగెత్తాడు. వాణ్ణి అవుట్ చెయ్యడానికి అవతలి జట్టువాడు మొదటి బేస్‌కి విసిరిన బంతి వాడి వీపుకి తగిలి దొర్లిపోయింది. పరిగెత్తేవాడు బయటే ఉండి, విసిరేవాడికి అడ్డం రాకూడదనే కదా ఆ గీత! నువ్వు చెయ్యెత్తి "అవుట్!" అన్నావు. అంతవరకూ అంపైరువే.

"కళ్ళు పోయాయా ముసలోడా? రేపట్నించి నీకు ఈ ఊళ్ళో కాఫీ ఎవడు పోస్తాడో చూస్తాం!" అని మనవాళ్ళు ఐసు ముక్కలు విసరగానే "సరే సరే, సేఫ్" అనేశావు. మనం గెలిచాం. జనం నిన్ను భుజాలకెత్తుకుంటే నవ్వావు కూడా, సిగ్గులేకుండా!

పొద్దున గడ్డి మీద వాడి బూటు మేకుల గుర్తులు నా కళ్ళతో చూశాను. విదాల్‌ని నిలదీస్తే, "నాకు తెలుసు నాన్నా. ఆయనకీ తెలుసు" అని తల దించుకున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా తాడు పట్టి ఆ గీత గీస్తున్నాను. ఆ తాడూ, సున్నం డబ్బా ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఆదివారం ఆటకి గీత ఎక్కడుండాలో జనాన్ని అడిగి నువ్వే గీసుకో.