బాయి పేరు గడి

7 జనవరి 2002, సోమవారం
నా కుర్చీలో ప్రకాశ్. చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆఫీసరు గారి బావమరిది... అంతకన్నా అర్హత ఏం కావాలి! రైతులకు చెరకు కోత చిట్టీలు, అదే కటింగ్ పర్మిట్లు, ఇచ్చే కంప్యూటర్ స్క్రీన్ తయారుచేసింది నేను. అందులో ప్రతి గడీ నేను పెట్టిందే. ఇప్పుడు దాని నెత్తిన వాడి పేరు, ఎర్ర అక్షరాల్లో. నన్ను కాంటా గదికి తోశారు, బండ్ల బరువు రాసుకోమని. ఏడవలేదు. వీడి సంగతి చూస్తాను.

9 జనవరి
"బాయి పేరు" గడి తీసేస్తాడట. "ఫ్యాక్టరీ కంప్యూటర్ల బాయిలేంది మేడమ్, నీళ్లు తోడుతమా?" అందరూ నవ్వారు. ఆఫీసరు గారు కూడా.
మా ఊళ్ళో ఎందరు దేవయ్యలో! ఎవరు ఎవరో తెలిసేది పొలంలోని బావి పేరుతోనే. పెద్ద బాయి దేవయ్య, బొంద బాయి దేవయ్య. మా బాపు ఈత బాయి దేవయ్య. చెప్పబోయి నోరు మూసుకున్నాను. తియ్యి నాయనా, తియ్యి.

10 జనవరి
తీశాడు. కంప్యూటర్‌లోని పట్టికలోంచి బావుల వరస పోయింది. స్క్రీన్ మీద గడి మాత్రం మిగిలి, బావి పేరు రావలసిన చోట "నేమ్?" అంటూ ఎర్రర్ చూపిస్తోంది. పొద్దంతా చెమటలు కక్కాడు. కడుపు నిండింది నాకు.

11 జనవరి
ఎర్రర్ పోయిందట! ఏం చేశాడంటే... ఆ గడినే చెరిపేశాడు. "సెట్ చేసిన బావా" అని ఒకటే గర్వం. ఇప్పుడు జాబితాలో ఏ దేవయ్యను ఎంచుకున్నా పేరు ఒకటే కాబట్టి మొదటి దేవయ్యే వచ్చి కూర్చుంటాడు. పర్మిట్ అతనికే పోతుంది. నాకు తెలుసు. చెప్పను.

16 జనవరి
పెద్ద బాయి దేవయ్య కౌంటరు మీద గుద్ది మరీ అరిచాడు. "నా చెరుకు కోసుడు ఎప్పుడో అయిపాయె. ఇంకెన్ని చిట్టీలిస్తరయ్యా? నన్ను కోస్కపోతరా?" కాంటా గది కిటికీలోంచి విన్నాను. పండగలా ఉంది. దారిలో బఠాణీలు కొనుక్కుని తింటూ ఇంటికొచ్చాను.

17 జనవరి
ఇవాళ బొంద బాయి వాళ్ళు వచ్చి, చిట్టి రాలేదని తిట్టారు. ఇంకా రావాలి. ఇంకా తిట్టాలి.

20 జనవరి, ఆదివారం
చర్చిలో పాస్టర్ గారు శత్రువుల్ని క్షమించమన్నారు. నేను ఆగి ఉన్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.
బయటికొచ్చాక బాపు మెల్లగా అన్నాడు. "మన వంతు వచ్చి పోయిందట బిడ్డా. చిట్టి రాకపాయె. చెరుకు ఎండవట్టె."
మా వంతు వచ్చే నెలలో అనుకున్నాను. ఈలోపు ప్రకాశ్ ఆట కట్టు అనుకున్నాను... అన్నం సహించలేదు.

21 జనవరి
కాంటా గదికి వాడే వచ్చాడు. మేడమ్ పోయి అక్కనయ్యాను.
"అక్కా, జర సూడవా? బావ తిడుతుండు."
"గీ స్క్రీన్ ఎవరు చేసిన్రో అందరి ముందట చెప్పు. అప్పుడు సూస్త."
"చెప్త అక్కా, ఒట్టు. ముందుగాల నువ్వు సాఫ్ జెయ్యి."
వాడి ఒట్టు ఎవరికి కావాలి! బాపు కోసం సరేనన్నాను.

22 జనవరి
నా కుర్చీలో నేను. వెనక ప్రకాశ్, చేతులు కట్టుకుని. నా దగ్గరున్న పాత కాపీలోంచి బావుల వరస తెచ్చి, గడి మళ్ళీ పెట్టాను. దేవయ్యలందరూ ఎవరి బావితో వాళ్ళు స్క్రీన్ మీదికి వచ్చారు. చివర్లో ఈత బాయి. ఇక సేవ్ చేయడమే.
అప్పుడే కౌంటరు అవతల బాపు. భుజం మీది తువ్వాల తీసి, ప్రకాశ్‌కు దండం పెట్టాడు.
"మా బిడ్డకు పని నేర్పుతున్నవా సారూ? సల్లగుండు."
వాడు నన్ను చూశాడు. పక్క బల్ల దగ్గరున్న ఆఫీసరు గారిని చూశాడు.
"అవు పెద్దాయనా. నేర్పుతున్న."
నేను స్క్రీన్ మూసేయబోతే, మార్పులు సేవ్ చేయమంటావా అని అడిగింది మెషీన్. వద్దు అని నొక్కాను.
లేచి కాంటా గదికి వచ్చేశాను. కిటికీలోంచి చూస్తే బాపు ఇంకా కౌంటరు దగ్గరే... తువ్వాల చేతిలో పట్టుకుని, చిట్టి కోసం.