గట్టి టైర్లు, మెత్తని మట్టి

చిరంజీవి ఆర్డిత్‌కు అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కుశలం.

సమాధులకు పూలు పెట్టే ఈ స్మారక దినానికి నువ్వు రాలేకపోయినా, మీ ఆయన హార్లన్ సమాధి గడ్డిలో మునిగిపోదు, బెంగ వద్దు. ఆదాము పాపానికి నేలకు తగిలిన ముళ్ల శాపమేమో, శ్మశానంలో రాలిన ముళ్లకు నేనెక్కి తోలే గడ్డికోత బండి టైర్లు మళ్లీ పంక్చరయ్యాయి. గాలి అక్కర్లేని గట్టి రబ్బరు టైర్లు అడిగితే కొట్టు కర్టిస్ నవ్వాడు.

"ముల్లు దిగదు పాస్టరుగారూ! కానీ ఆ కుదుపుకి మీ నడుం పోతే, దానికి స్పేరు నా దగ్గర లేదు."

"నడుం సంగతి దేవుడు చూసుకుంటాడు. నువ్వు చక్రం సంగతి చూడవయ్యా" అని అవే బిగింపించుకున్నాను.

తుంటి ఆపరేషను కుట్లు మానాయా? కర్ర లేకుండా నడవవద్దు. అమ్మ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే జాములో చక్కెర ఎంత వేయాలో వ్రాయి.

ఈ టైర్లు మహా బరువు. హార్లన్ మీది మట్టి ఇంకా కుదురుకోలేదు కనుక బండిని అక్కడికి పోనివ్వను. ఆ కాస్త మేరా మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో కోస్తాను.

ప్రభువు నీ రాకపోకలను కాచుగాక.

అన్నయ్య లోవెల్