అత్తయ్యగారి నాలుక కింద

ఏమండీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. అన్నం, కూర పొయ్యి పక్కన ఉన్నాయి, వేడి చేసుకోండి. రాత్రి ఎనిమిదింటికి అత్తయ్యగారికి షుగరు మాత్ర ఇవ్వండి. ఇచ్చి ఊరుకోండి. నోరు తెరవమని మాత్రం అనకండి.

పొద్దున నేను అన్నాను. అప్పట్నించి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మా హోంలో మనసు కుదుటపడటానికి వచ్చి ఉంటున్న ఇరవైమందికీ మాత్రలిచ్చి, మింగారో దాచారో నాలుక ఎత్తించి చూడటం నా పని కదా! ఆ అలవాటు కొద్దీ ఇంట్లో కూడా "ఏదీ, నాలుక ఎత్తండి" అనేశాను. "నేనేమన్నా దొంగనటే?" అని ఇంతెత్తున లేచారు. ఆ అరుపుకి నోట్లోంచి చాక్లెట్ ముక్క జారి ఒళ్లో పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

అయినా తప్పు నాదే. అక్కడ మాత్ర చేతిలో పెట్టేముందు ప్రతి ఒక్కరినీ "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతాను. అత్తయ్యగారిని ఆ మాట అడిగి ఎన్నాళ్లయిందో గుర్తుకూడా లేదు. రేపట్నించి నేనే అడుగుతాను. ఈ పూటకి మీరు అడగండి.

అన్నట్టు, మోకాళ్ల నొప్పులతో ఆవిడ గడప దాటి నెలయింది. చాక్లెట్లు వాటంతటవి నడిచి రావు. ఉతుకుదామని తీస్తే మీ నీలం చొక్కా జేబులో అదే చాక్లెట్ కాగితాలు నాలుగు దొరికాయి. నేనొచ్చేసరికి మీరు నోరు తెరిచి కూర్చోండి.