టబ్బు తీయించాను

మామ్మా,

టెక్కలి కాలేజీలో ఒక గదిని మ్యూజియం చేశారు. మనిషి ఒంటి శుభ్రానికి పూర్వం వాడిన వస్తువులు అందులో పెట్టారు. నేనిచ్చిన నీ పేల దువ్వెన, సాంబ్రాణి మూకుడు అద్దాల బీరువాలో ఉన్నాయి. పోయిన వారం చూడ్డానికి వెళితే, పక్కనే ప్లాస్టిక్ టబ్బులో ఒక బొమ్మను కూర్చోబెట్టి, 'మన పల్లెల్లో పసిబిడ్డ స్నానం' అని రాశారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇది తప్పు మేడమ్. భావనపాడులో సగం ఊరి పిల్లలకి మా మామ్మే నీల్లోసింది. టబ్బు ఒక్కనాడూ ముట్టనేదు," అన్నాను, ఆ గది చూసుకునే మేడమ్‌తో.

"మరి ఎందులో పోసేవారు?" అని అడిగింది మేడమ్.

చీర మోకాళ్ళ దాకా లాక్కుని నేల మీద కూర్చున్నాను. కాళ్ళు చాపి, బొమ్మను వాటి మీద బోర్లా పడుకోబెట్టాను. నీ కాళ్ళు వాచిపోయాక నా కూతురికి నా చేత అలాగే నీళ్ళు పోయించావు కదా, పక్కనే కూర్చుని తిడుతూ.

"తల జారిపోతంది, సెయ్యెట్టవే దద్దమ్మా!"

మేడమ్ టబ్బు తీసేయించి, నా కాళ్ళకు ఫొటో తీయించింది. కింద ఎవరి పేరు రాయాలని అడిగితే నీ పేరు చెప్పాను.

ఈరోజు మళ్ళీ వెళ్ళి చూశాను. గోడ మీద ఫొటో, దాని కింద నీ పేరు. కాళ్ళకు ఎక్కడా వాపు లేదు.