చెర్రీ చెట్టుకు వేలాడుతున్న బాబాయి

యావొర్,

నువ్వు కొత్త హార్డ్ డిస్కు వేశాక మా ముసలి కంప్యూటర్ పరుగెడుతోంది. ఏం లాభం? "పాతదాంట్లో అంతా చెత్తే పిన్నీ" అంటూ దాన్ని విప్పేసి, లోపలి మెరిసే బిళ్ళల్ని పిట్టలు బెదరడానికి చెర్రీ చెట్టుకు వేలాడదీశావు. ప్లోవ్‌దివ్‌లో చదివిన తెలివి ఇదేనా? మీ స్తామెన్ బాబాయి నవ్వుతున్న ఒకే ఒక్క ఫోటో అందులోనే ఉంది!

ఆదివారం ఆయన సంవత్సరీకం. పోయినవాళ్ళ ఫోటో, పేరు వేసి గేటుకు అంటించే కాగితం మీద ఏ ఫోటో వెయ్యను? "గుర్తింపు కార్డుది వేసెయ్" అంటావా? అందులో ఆయన పోలీసులకు దొరికిన దొంగలా ఉన్నాడు.

బతికినన్నాళ్ళూ పిట్టలకు గింజలు చల్లిన మనిషిరా ఆయన!

ఫోటో చోటు ఖాళీగా వదిలేసి అంటిస్తాను. వచ్చినవాళ్ళకు ఆయన పేరు మీద ఉడికించిన గోధుమలు నువ్వే పంచు. "స్తామెన్ ఫోటో ఏదీ?" అని ఊరంతా అడుగుతుంది. చెట్టుకేసి చూపించు.

నీ పిన్ని