బండికి కట్టిన నిమ్మకాయ

1968 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. బోధన్ రోడ్డు మీద పందెం మేమే గెలిచాం. నేను మెకానిక్‌గా చూసే రాజన్న పాత స్పోర్ట్స్ కారు, ఇంజన్‌లోకి గాలి తోసే పంపున్నది, పోటీకొచ్చిన జీపును అర మైల్లోనే దాటేసింది. జోరు కోసం పెట్రోల్లో చెరుకు మడ్డి స్పిరిట్ ఎక్కువ కలిపాను. దానికి తగ్గట్టు కార్బురేటర్‌లో ఇంధనం ఎక్కువ వదిలే పెద్ద జెట్ వేయడం మరిచాను. చివర్లో ఇంజన్ టకటకా కొట్టుకుంది. కేకల్లో ఎవరికీ వినపడలేదు, నాకు తప్ప. అలా కొట్టుకున్న ఇంజన్ దూరం పోతే దారి మధ్యలోనే పగిలిపోతుంది.

రాజన్న నన్ను కావలించుకున్నాడు. "రేపు మీ వదినెను గీ బండ్లనే ఆర్మూర్ దవాఖానకు తీస్కపోత" అన్నాడు. వదినెకు నెలలు నిండాయి. తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

"రేపు బండి తియ్యకే అన్నా. దిష్టి తాకింది."

"గంతేనా?" అని నవ్వి, అక్కడికక్కడే బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. "ఇగ ఏం ఫికర్ లేదు తమ్మీ."

తెల్లారితే బయల్దేరతాడు. ఇక చెప్పడానికి నిజం తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.