చీకటిగా మిగిలిన దీవికి వారసులు

పోర్ట్ బ్లెయిర్, లంబాలైన్ కాపురస్తుడు, కీర్తిశేషులు మైలపల్లి సత్యారావు గారి ఏకైక కుమారుడు మణికుమార్ అనే నేను, ఇరవై మూడేళ్ళ వయసులో, గుండెలో కవాటం చెడిందే గాని బుర్ర చెడలేదని ప్రకటిస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి జాలీ అడక్కుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా.

ఎల్లుండి ఓడలో చెన్నై వెళ్తున్నాను. అక్కడ ఆపరేషన్. డాక్టరు గారు ఆశ ఉందన్నారు. ఎంత అని అడిగితే కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అందుకే ఇది.

న్యాయ సహాయ శిబిరంలో పంచిన కరపత్రం ముందు పెట్టుకుని రాస్తున్నాను. సాక్షి సంతకం చేసినవాళ్ళకి ఆ వీలునామా కింద ఏ ఆస్తీ రాదని అందులో ఉంది. కాబట్టి నా వారసులైన మా అమ్మ గవరమ్మ, స్నేహితుడు ఉమేష్ దీనిమీద సంతకం చేయకూడదు. నూకన్న భయ్యా, పద్మిని దీదీ సాక్షులుగా ఉంటారు. మిడిల్ పాయింట్‌లో దస్తావేజులు టైపు చేసే పద్మిని దీదీయే దీన్ని అమలు జరపాలి.

1. నా ఆస్తి: పాత వీడియో గేమ్ డబ్బా ఒకటి, జాయ్‌స్టిక్‌లు రెండు (ఒకదాని ఎడమ బటన్ ఇరుక్కుంటుంది), పెట్టె టీవీ, మెమరీ కార్డు. ఇవన్నీ గోల్ ఘర్‌లో నూకన్న భయ్యా గేమ్ పార్లర్ మూసేసిన రోజు నాకిచ్చినవి. నిజమైన ఆస్తి ఆ కార్డులో సేవ్ అయి ఉన్న దీవుల ఆట ఒక్కటే. తక్కినదంతా తుక్కు.

2. ఆ ఆటని తుక్కు అనేవాళ్ళకి నా జవాబు ఈ వీలునామాలో భాగంగా పరిగణించాలి. ఇప్పటి ఆటల్లో నెత్తిమీద బాణం గుర్తు ఉంటుంది. ఇటు పో, వాణ్ణి కాల్చు, ఇది కొనుక్కో. అది ఆట కాదు, కూలిపని! పాత ఆట మనిషిని తెలియని ఒడ్డున దింపి నోరు మూసుకునేది. నడిచినంత మేరే మ్యాప్ వెలిగేది. నడవనిదంతా చీకటి. ఎవడి వెలుతురు వాడి కాళ్ళ సంపాదన. అంతకంటే న్యాయమైన రాజ్యాంగం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు.

మా దీవుల్లో అప్పట్లో నెట్ ఉన్నా లేనట్టే. దారి వెతికి చెప్పే దిక్కు లేదు. ఓడలో ఎవరో తెచ్చిన ఒక్క డిస్కుని పార్లర్ మొత్తం ఏళ్ళ తరబడి ఆడేది. ఒకడి చేతిలో జాయ్‌స్టిక్, వెనక బెంచీ నిండా అరిచేవాళ్ళు. “అరవండి, మగర్ చెయ్యి మాత్రం పెట్టకండి” అనేవాడు నూకన్న భయ్యా. ఆ మ్యాప్‌లో ప్రతి వెలుగూ ఎవరో ఒకరి అరుపే. తరువాత సముద్రం కింద నెట్ కేబుల్ వచ్చింది. అందరూ బాణం గుర్తుల వెంట పోయారు. ముందు పోయినవాడు ఉమేష్.

3. మా మ్యాప్‌లో పడమటి ఒడ్డుకి ఎదురుగా ఒక దీవి చీకటిగా మిగిలిపోయింది. ఎందుకు మిగిలిందో రాసి తీరాలి. ఒకరోజు ఉమేష్ ఆడుతుండగా, కొండమీద దీపం వెలిగించి ఒడ్డుకి దిగగానే, ఆటలోని సముద్రం వెనక్కి తగ్గింది. ఇసుక బయటపడింది. పార్లర్ మొత్తం ఒక్క గొంతుతో “భాగ్! కొండెక్కు!” అని అరిచింది. ఉమేష్ వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కేశాడు. నీళ్ళు తిరిగొచ్చాయి. బతికిపోయామని మేమంతా కౌగిలించుకున్నాం. నూకన్న భయ్యా అందరికీ టీ పోయించాడు.

ఆ తరువాత విశాఖ నుంచి వచ్చిన చక్రి అనేవాడు ఈ కథ విని పడీపడీ నవ్వాడు. ఆ దీవికి దారి అదేనట! సముద్రం తగ్గినప్పుడు దిగి నడిచిపోవడమేనట. అక్కడ చిన్నపిల్లలు కూడా దిగి వెళ్ళిపోయారట. నేను వాణ్ణి కొట్టాను. దానికి ఈ రోజుకీ విచారించడం లేదు. వాడి ఊళ్ళో సముద్రం వెనక్కి పోయి ఎవరి నాన్ననీ తీసుకెళ్ళలేదు.

అప్పట్లో మేముండే హట్ బేలో, సునామీ వచ్చిన ఆ డిసెంబరు ఆదివారం మా నాన్న, ఇసుకమీద చేపలు ఎగురుతున్నాయని బుట్ట పట్టుకుని దిగాడు. అమ్మ నన్ను చంకనేసుకుని ఎత్తుకి పరిగెత్తింది. నాకప్పుడు రెండేళ్ళు. నాకు గుర్తు లేదు. నా వేళ్ళకి గుర్తుంది.

ఆట మళ్ళీ మొదటి నుంచి ఒంటరిగా ఆడి ఆ ఒడ్డుకి చేరి సేవ్ చేశాను. నాలుగడుగులు వేస్తే చాలు, సముద్రం తగ్గుతుంది. ఎన్నిసార్లు వేశానో! తగ్గిన ప్రతిసారీ నా వేళ్ళు నన్ను కొండెక్కించేశాయి. అమ్మ ఆ సమయానికి లేచి వంటగదిలోకి పోతుంది. పొయ్యిమీద ఏమీ ఉండదు.

4. మెమరీ కార్డు ఉమేష్‌కి చెందాలి. వాడు ద్రోహి. తుపాకుల ఆటలో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో “బ్రో బ్రో” అంటూ, వీధి చివర ఉన్న నన్ను రెండేళ్ళుగా చూడ్డానికి రాలేదు. అయినా ఆ ఒడ్డు తెలిసిన చెయ్యి వాడిదొక్కటే. షరతు: వాడు సముద్రంలోకి దిగి ఆ దీవికి నడవాలి. ఫోన్‌లో చూసి నడవకూడదు. ఉమేష్, నిన్ను బతిమాలుతున్నాను రా. ఇది నేను ఇంకెక్కడా రాయను. నిజమైన సముద్రం తగ్గితే కొండెక్కు. ఇందులో మాత్రం దిగు.

5. డబ్బా, టీవీ మా అమ్మకి చెందాలి. షరతు: ఉమేష్ దిగేటప్పుడు ఆమె వంటగదిలోకి పోకూడదు. సముద్రం వెనక్కి పోయిన చోట ఒక మనిషి దిగి, నడిచి, అవతలి ఒడ్డున లేచి నిలబడటం మా అమ్మ ఒక్కసారైనా కళ్ళతో చూడాలి. నేను ఆమెకి ఇవ్వగలిగింది ఇంకేమీ లేదు.

ఆపరేషన్‌లో నా గుండెని కాసేపు ఆపేసి, యంత్రంతో రక్తం తిప్పి, మళ్ళీ కొట్టిస్తారట. అంటే సముద్రం వెనక్కి పోతుంది. నేను దిగాలి. పరిగెత్తడానికి అక్కడ కొండ ఉండదు. నాకు భయంగా ఉంది.

6. పార్లర్ బోర్డు నూకన్న భయ్యా దాచి ఉంచమని నాకిచ్చాడు. అది నా ఆస్తి కాదు, ఆయనకే తిరిగి చేరాలి. వానకి ఇల్లు కారే చోట కప్పడానికి పనికొస్తుంది. నేను పోగుచేసిన కరపత్రాల కట్ట ఆస్తి కిందికి రాదు గనక, సాక్షి అయినా పద్మిని దీదీకి. నా రాతలో తప్పులు దిద్దడం కాదు, అవి చదివి ఆమె కూడా ఒక్కసారి కోపం తెచ్చుకోవాలి.

7. నేను ప్రాణంతో తిరిగొస్తే ఇది చెల్లదు.

చేర్పు: పైదంతా పద్మిని దీదీ అందరి ముందు చదివాక జరిగింది రాయక తప్పడం లేదు. నేను పిలవకపోయినా ఉమేష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నూకన్న భయ్యా పెన్ను మూత తీసేలోగా, సాక్షుల సంగతి ఇంకోసారి చదవమంది అమ్మ. దీదీ చదివింది. “అయితే సంతకం ఎడితే నాకేటీ రాదన్నమాట. ఇటియ్యి పెన్ను” అంది అమ్మ. పెట్టేసింది. చాలదేమోనని పక్కన వేలిముద్ర కూడా వేసింది. “ఆంటీ, కింద నాక్కూడా జగా వదలండి” అన్నాడు ఉమేష్. నేను కేకలేశాను, ఇది చట్టాన్ని అవమానించడమన్నాను. “చుప్ బే. నీ కార్డు నాకెందుకు? నువ్వే వచ్చి దిగు, నేను వెనకనుంచి అరుస్తా” అన్నాడు. వాడి సంతకం గీత దాటింది.

ఇంకో కాగితం రాయడానికి నాకు ఊపిరి లేదు. కరపత్రం ప్రకారం ఆ చీకటి దీవికి ఇప్పుడు వారసులెవరూ లేరు. ఆట ఒడ్డునే ఆగి ఉంది.

తేదీ: 9 ఫిబ్రవరి 2026, లంబాలైన్.

(సంతకం) మైలపల్లి మణికుమార్

సాక్షులు:
1. మైలపల్లి గవరమ్మ, తల్లి (సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర)
2. ఉమేష్, పడమటి ఒడ్డున జాయ్‌స్టిక్ పట్టుకున్నవాడు